ప్రాజెక్టు డైరీ: అమ్మమ్మ ఇంటి కిటికీ అద్దాలు

నవంబరు 23

విజయవాడ వన్‌టౌన్‌లో అమ్మమ్మ ఇల్లు పడగొడుతున్నారు. టేకు గుమ్మాలు, కిటికీ చట్రాలు పాత కలప కొనేవాళ్లు ముందే బేరమాడుకున్నారు. అద్దాల్ని మాత్రం ఎవరూ అడగలేదు. కూలీలు సుత్తి ఎత్తబోతుంటే మావయ్యకి చెప్పి ఆపించాను. ఒక పూట కూలి నేనే ఇచ్చి, చుట్టూ ఎండిపోయిన లప్పం గీకించి, ఒక్కోటీ బయటికి తీయించాను. పాత చీరల్లో చుట్టి ఆటోలో వేసుకుని ఆటోనగర్‌లో మా షెడ్డుకి తెచ్చాను. తెల్లవి పదకొండు. వెంటిలేటర్లవి నీలం ఐదు, ఆకుపచ్చ మూడు. ఎరుపు ఒక్కటే ఉండేది, అది దింపేటప్పుడే పోయింది.

1971లో కట్టిన ఇల్లు. తెల్ల అద్దాన్ని ఎదురుగా పట్టుకుని తల ఇటూ అటూ ఆడిస్తే అవతలి కరెంటు స్తంభం వంకర్లు పోతుంది. ఇప్పటి అద్దంలో ఆ వంకర ఉండదు. ఇప్పటిది కరిగించిన తగరం మీద తేలుతూ సాగిన ఫ్లోట్ గ్లాసు. ఆ పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ వాళ్లు 1959లో బయటపెట్టారు, అది మన కిటికీల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. నా దగ్గరున్నవి అంతకుముందు తరహావి, కరిగిన గాజుని రేకులా లాగి చేసినవి.

ఫ్రేము కట్టించి గోడకి తగిలించమంది మా ఆవిడ. నాకు వేరే బుద్ధి పుట్టింది. బట్టీలో పెట్టి పళ్లేలో గిన్నెలో చేయాలి. పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు, మావయ్య, మేము కలిపి ఆరిళ్లు. ఇంటికొకటి, ఉగాదిలోపు.

డిసెంబరు 7

బట్టీ కొనేదేం లేదు, కట్టడమే. పాతికేళ్లుగా మోటార్లకి వైండింగ్ చేస్తున్నవాణ్ని, తీగ చుట్టడం నాకొక లెక్కా అన్న ధైర్యం. ఆ ధైర్యం ఖరీదెంతో వచ్చే వారం రాస్తాను.

కుండల బట్టీలో కాయిళ్లు పక్క గోడల్లో ఉంటాయి. పలకలాంటి అద్దానికి అది పనికిరాదు. అంచులు ముందు కాగుతాయి, నడుము చల్లగా ఉండిపోతుంది, ఆ తేడాకే పగులుతుంది. వేడి పైనుంచి సమంగా పడాలి. అందుకని నా కాయిలు మూతలోనే.

ఇటుకలు కె-23 రకం. 23 అంటే 2300 ఫారన్‌హీట్, మన లెక్కలో 1260 డిగ్రీలు. బెండులా తేలిక, ఆక్సా బ్లేడుతో జున్ను ముక్క కోసినట్టు కోసేయొచ్చు. వాటి చుట్టూ రెండంగుళాల సిరామిక్ దుప్పటి, దాని చుట్టూ రేకు, యాంగిల్ చట్రం. లోపల 35 సెంటీమీటర్ల చదరం, 20 ఎత్తు. ఇటుక పొడి, దుప్పటి నూగు ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రావు. మా కుర్రాడు మూతికి రుమాలు కట్టుకొచ్చాడు, వెనక్కి పంపి ఎన్-95 మాస్కు తెప్పించాను. కోసే ముందు దుప్పటి మీద నీళ్లు చిలకరించాం.

డిసెంబరు 15

కాయిలు మాడిపోయింది.

లెక్క తప్పలేదు, అదే మంట. 3 కిలోవాట్లు కావాలి, 230 వోల్టులకి 13 యాంప్స్, అంటే 17.6 ఓములు. హీటర్లకి వాడే కాంథాల్ ఏ-1 తీగ, 1 ఎంఎంది, మీటరుకి 1.85 ఓములు. తొమ్మిదిన్నర మీటర్లు చుట్టాను. మీటరు పెట్టి చూస్తే పాయింటుతో సహా సరిపోయింది. రెండో వేడికి మూతలో ఒక చోట తెల్లగా మెరిసి, టక్కున తెగింది.

మోటారు వైండింగ్‌లో తీగ వేడెక్కకూడదు, ఇక్కడ వేడెక్కడమే దాని ఉద్యోగం. నేను చూడంది తీగ చర్మం. 3000 వాట్లు బయటికి పోవాల్సింది ఆ తీగ పైపొర గుండానే. తొమ్మిదిన్నర మీటర్ల సన్న తీగకి పైపొర మొత్తం 300 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 10 వాట్లు. ఆ భారానికి తీగ ఒంట్లో వేడి గదిలో వేడి కన్నా ఎంతో పైకి పోయింది.

మళ్లీ 1.6 ఎంఎం తీగ తెచ్చాను. మీటరుకి 0.72 ఓములు, 24.4 మీటర్లు పట్టింది. ఓములు అవే, యాంప్స్ అవే. పైపొర మాత్రం 1200 పైన, చదరపు సెంటీమీటరుకి రెండున్నర వాట్లకి దిగింది. 10 ఎంఎం రాడ్డు మీద లేతు మిషనుకి పెట్టి చుట్టించాం. చుట్టు పక్కన చుట్టుగా మీటరు పొడవు వచ్చింది, దాన్ని మూడు మీటర్లకి సమంగా లాగి, మూత ఇటుకల్లో తొమ్మిది గాళ్లు తీసి పరిచాం. జారిపోకుండా అదే తీగతో మేకులు. ఒక్కసారి కాగాక కాంథాల్ పుల్లలా విరుగుతుంది, కాబట్టి వంకరలు సరిచేసుకునేది ఏదైనా మొదటి వేడికి ముందే.

డిసెంబరు 29

ప్యానెల్ బోర్డు అయింది. వేడిని మెట్లు మెట్లుగా ప్రోగ్రాం పెట్టుకునే పీఐడీ కంట్రోలరు, వేడి కొలిచే కె-టైపు థర్మోకపుల్, కాయిలుకి కరెంటు వేసి తీసే 40 యాంప్స్ ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే). ఎస్ఎస్ఆర్ పోతే ఎక్కువగా షార్టయి పోతుంది, అంటే ఆగకుండా కరెంటు ఇస్తూనే ఉంటుంది. అందుకే దాని ముందు ఒక కాంటాక్టరు (కరెంటు తెంచే పెద్ద స్విచ్చి), వేడి 880 దాటితే అది పడిపోయేలా అలారంకి కట్టాను. బట్టీకి ప్లగ్గు పెట్టలేదు. 15 యాంప్స్ ప్లగ్గు పది గంటలు 13 యాంప్స్ మోస్తే ఏమవుతుందో మా షాపుకొచ్చే సాకెట్లే చెబుతాయి. 4 చదరపు ఎంఎం వైరు, 20 యాంప్స్ ఎంసీబీ, రేకుకి ఎర్తు, మూత ఎత్తగానే కరెంటు ఆగేలా లిమిట్ స్విచ్చి.

మీటరు చెప్పే అంకెని ఎలా నమ్మడం? మా దగ్గర అల్యూమినియం వైండింగ్ తీగకి కరువు లేదు. దాని ఎనామెల్ కాల్చేసి, చిన్న వంతెనలా వంచి, పింగాణీ కప్పు మీద అడ్డంగా పెట్టాను. అల్యూమినియం కరిగేది 660 దగ్గర. పైనున్న ఆక్సైడు తొక్క వల్ల వెంటనే బొట్టుగా జారదు, ఒంగిపోతుంది. 664 చూపిస్తున్నప్పుడు ఒంగింది. చాలు నాకు.

జనవరి 5

గవర్నర్‌పేటలో అద్దాల షాపు బాబాయ్ దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. నేను కట్టరు నొక్కిపెట్టి గీస్తుంటే చేతిలోంచి లాక్కున్నాడు.

"అద్దాన్ని మనం కొయ్యంరా అబ్బాయ్. గీత పెట్టి దారి చూపిస్తాం, అదే పోద్ది."

గీసేటప్పుడు శబ్దం పట్టుచీర చిరిగినట్టు సన్నగా రావాలి. కరకరమందంటే ఎక్కువ నొక్కినట్టు, గీత పక్కన పొట్టు లేస్తుంది. గీసిన గీత మీద మళ్లీ గీస్తే కట్టరు చక్రం పాడు, అద్దమూ పాడు. చక్రానికి కిరసనాయిలు తడి. పాత అద్దం ఇంకా మొండిదని, ముందు కొత్త దాంతో చెయ్యి తిప్పుకోమని నాలుగు ఎంఎం తుక్కు ముక్కలు ఒక గోతాం ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

ఆటోనగర్‌లో కారు అద్దాలు గుట్టలుగా పడి ఉంటాయి కదా, అవి ఎందుకు కాదు అని అందరూ అడుగుతున్నారు. పక్క డోరు అద్దం టఫెన్డ్, కట్టరు తగిలితే జొన్నగింజల్లా రాలుతుంది. ఆ గింజల్ని ఒకే అద్దంవి ఒకే సంచిలో ఉంచుకుంటే తర్వాత పోత పోసుకోవచ్చు. ముందు అద్దం జోలికి మాత్రం పోకూడదు, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, బట్టీలో నల్ల పొగ.

ఈ రోజు మొదటి కాల్పు. బట్టీలో గాజు కింద పెట్టే పలకకి చైనా క్లే, అల్యూమినా హైడ్రేట్ సమంగా కలిపి పల్చని మజ్జిగలా చేసి నాలుగు పూతలు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఈ పూత లేకపోతే గాజు పలకని పట్టుకుని ఇక వదలదు. పలక రసమట్టంతో చూసుకున్నాను. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి. ప్రోగ్రాం మాత్రం బుల్స్‌ఐ వాళ్లది కొట్టాను. అమెరికాలో పోర్ట్‌లాండ్ కంపెనీ అది, బట్టీ పని కోసమే గాజు చేస్తుంది. వాళ్ల గాజుకి 804 దగ్గర పూర్తిగా కలవాలి, 482 దగ్గర నిలబెట్టి చల్లార్చాలి.

(మర్నాడు రాసింది) మూత తీస్తే పళ్లెం చక్కగా ఉంది. అంచుల్లో రెండు పొరల గీత కొద్దిగా కనబడుతోంది, అంతే. మా ఆవిడ ఇంటికి తీసుకెళ్లి దాంట్లో నిమ్మకాయలు పెట్టింది.

జనవరి 8

రాత్రి రెండింటికి వంటింట్లో టప్‌మంది. పిల్లి అనుకున్నాం. పొద్దున చూస్తే పళ్లెం మూడు ముక్కలు, నిమ్మకాయలు ఎక్కడివక్కడే. ఎవరూ ముట్టుకోలేదు.

తప్పంతా నాది. వాళ్ల అంకెలు వాళ్ల గాజుకి. కిటికీ అద్దం ఒంట్లో బిగువు 550 దగ్గర నిమిషాల్లో సడలుతుంది. 510కి దిగిందంటే ఇక సడలదు, ఉన్న బిగువుతోనే గడ్డకడుతుంది. నేను 804 నుంచి గబగబా 482కి దింపి అక్కడ గంట నిలబెట్టాను. పెళ్లయ్యాక ముహూర్తం చూసినట్టు. పైపొర ముందు చల్లారి బిగుసుకుంది, నడిమి పొర తర్వాత చల్లారి లోపలికి లాగింది. ఆ లాగుడు మూడు రోజులు ఓర్చుకుని నిన్న రాత్రి వదిలేసింది.

కొత్త ప్రోగ్రాం, ఆరేడు ఎంఎం మందానికి: గంటకి 120 చొప్పున 540 దాకా. తర్వాత గంటకి 50 చొప్పున 670 దాకా, అక్కడ అరగంట, పొరల మధ్య గాలి అంచుల్లోంచి పోవడానికి. అక్కణ్నుంచి ఎంత త్వరగా పోగలిగితే అంత త్వరగా 825, పన్నెండు నిమిషాలు. అంతే త్వరగా 550కి. అక్కడ గంటన్నర. గంటకి 50 చొప్పున 430కి, గంటకి 100 చొప్పున 300కి, ఆ తర్వాత బట్టీ దాని ఇష్టం. ఒక కాల్పుకి 11 యూనిట్లు కాలాయి.

జనవరి 19

పండక్కి షాపు మూసి, పగలంతా దీని మీదే కూర్చున్నాను. బిగువు కంటికి కనబడదు కాబట్టే భయం. కానీ కనబడేలా చేయొచ్చు. ల్యాప్‌టాప్ తెరని మొత్తం తెల్లగా వెలిగించి, ఎదురుగా పోలరైజ్డ్ నల్ల కళ్లజోడు పట్టుకుని తిప్పితే ఒక కోణంలో తెర చీకటి అయిపోతుంది. అలాగే ఉంచి మధ్యలో గాజు పెట్టండి. బిగువు లేని గాజు చీకట్లో కలిసిపోతుంది. బిగువున్న చోట వెలుగు చిమ్ముతుంది. పగిలిన పళ్లెం ముక్క పెట్టి చూశాను, అంచు పొడుగునా తెల్లటి మంట. కొత్త ప్రోగ్రాంలో కాల్చినది పెట్టాను, ఏమీ లేదు. మా ఆవిడని పిలిచి చూపించాను. "ఇది ముందే చూస్తే నిద్ర పాడయ్యేది కాదుగా" అంది.

ఫిబ్రవరి 2

ఇప్పుడు అసలు ప్రశ్న. అమ్మమ్మ ఇంటి నీలం, ఆకుపచ్చ ముక్కలు ఆ తెల్ల అద్దంతో కలుస్తాయా? కరిగి అతుక్కోవడం గురించి కాదు, అన్నీ అతుక్కుంటాయి. చల్లారేటప్పుడు రెండూ సమంగా కుంచించుకోవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే ఆ లాగుడు ఏ చల్లార్పుకీ పోదు, ఎన్ని గంటలు నిలబెట్టినా.

పాత తెల్ల అద్దం చీలిక ఒకటి కోసి, దాని మీద సెంటీమీటరు ముక్కలు దూరదూరంగా పెట్టాను: నీలం, ఆకుపచ్చ, బాబాయ్ ఇచ్చిన కొత్త ఫ్లోట్, చివర ఆ పాత తెల్లదే ఇంకో ముక్క. ఆ చివరిది సాక్షి. దాని చుట్టూ వెలుగు కనబడితే తప్పు నా చల్లార్పుది. దాని చుట్టూ చీకటి ఉండి మిగతా వాటి చుట్టూ వెలిగితే తప్పు గాజు పొత్తుది.

సాక్షి చుట్టూ చీకటి. కొత్త ఫ్లోట్ మూలల్లో సన్నని వెలుగు. నీలం చుట్టూ దట్టంగా. ఆకుపచ్చ చుట్టూ చూడక్కర్లేకపోయింది, గోటితో తట్టగానే అడుగు చీలిక పగిలింది.

మనసు బాగోలేదు. తెల్ల పళ్లెం అంచున నీలం పూలు అని బొమ్మ కూడా గీసిపెట్టుకున్నాను.

ఫిబ్రవరి 11

ఏ అద్దం దానితోనే కలుస్తుంది. తెల్లది తెల్లదాంతో రెండు పొరలు వేసి పళ్లేలు. నీలం వేరుగా, దేనితోనూ కలపకుండా, ఒంటి పొరగా గిన్నెలు. ఇలా తేల్చుకున్నాక పని నడిచింది.

నీలం ఒంటి పొరని 825 దాకా తీసుకెళ్లకూడదని ఒక ముక్క పోగొట్టుకుని తెలుసుకున్నాను. కరిగిన గాజు ఆరేడు ఎంఎం మందంగా నిలవాలని చూస్తుంది. మూడు ఎంఎం ముక్క పెడితే అంచులు లోపలికి ముడుచుకుని, మూలలు ముళ్లయి, నడుమ పల్చనై చిల్లు పడింది. రెండు పొరలైతే గీసిన గీత మీద నిలబడుతుంది.

పాత తెల్లదానికి ఇంకో రోగం. కాలాక పైన మసక పొర, పాల మీద మీగడలా, గోరు పెడితే గరుకు. 700 నుంచి 800 మధ్య ఎక్కువసేపు ఉంటే, లేదా పైన మురికి ఉంటే, గాజు స్ఫటికాలు కడుతుంది. యాభై ఏళ్ల వంటింటి పొగ ఊరికే పోతుందా! మా బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మచ్చలే మిగులుతున్నాయి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఆఖరి కడుగు కడిగాను, తర్వాత వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకున్నాను. అయినా కొంచెం మిగిలింది. వన్‌టౌన్‌లో కంసాలి ఒకాయన సలహా ఇచ్చాడు, వెలిగారం కొట్టి చూడమని. బంగారం అతికేటప్పుడు ఆయన వాడేది అదే. వేడినీళ్ల గ్లాసులో చెంచాడు కలిపి, స్ప్రే సీసాతో పల్చగా కొట్టి ఆరబెట్టి కాల్చాను. తళతళలాడింది.

ఫిబ్రవరి 23

నీలం పూలు పోయాయి కాబట్టి మా ఆవిడ ముగ్గు వేస్తానంది, నా రాగి తీగతో. 32 గేజి తీగ. ఎనామెల్ ఉంచితే లోపల మాడి మసీ బుడగలూ అవుతాయి, ముందే కాల్చి, వాటర్ పేపరుతో రుద్దాం. లావు తీగ పనికిరాదు. రాగి గాజు కన్నా రెట్టింపు దాకా కుంచించుకుంటుంది, సన్నదైతే సాగి సర్దుకుంటుంది, లావుదైతే గాజుని చీలుస్తుంది.

ఆవిడ వేసింది మెలికల ముగ్గు. ఏడు చుక్కలు, ఎక్కడ చూసినా తీగ మీద తీగ. మొదటి పళ్లెంలో దాటిన ప్రతిచోటా ముత్యమంత బుడగ. నేను తలపట్టుకున్నాను. ఆవిడకి నచ్చింది, "చుక్కలు అవే వచ్చాయి" అంది. రెండో దానికి దాటే చోట్లని సుత్తితో అణిచాను, బుడగలు తగ్గాయి. ఇప్పుడు ఏది బాగుందని ఇంట్లో రెండు పార్టీలు. గాజు మధ్య గాలి తగలక రాగి ఎర్రగానే ఉంది, అంచులో బయటికొచ్చిన చోట మాత్రం నల్లబడింది.

మార్చి 4

నీలం గిన్నెలకి అచ్చు కావాలి. ఇంట్లో స్టీలు గిన్నెకి పూత వేసి, దాని లోపలికి నీలం అద్దం జారేలా పెట్టాను. 690కి బాగా దిగింది. చల్లారాక గిన్నెలో ఇరుక్కుని, చీలి ఉంది. ఆలోచిస్తే చిన్నపిల్లాడికి తెలిసే సంగతి: స్టీలు గాజు కన్నా ఎక్కువ కుంచించుకుంటుంది, లోపలున్న దాన్ని పిండేస్తుంది. స్టీలయితే బోర్లించి పైన కప్పాలి. అప్పుడు స్టీలే లోపల చిక్కిపోయి గాజుని వదులుతుంది. మట్టి అచ్చు తీరు వేరు. అది గాజు కన్నా తక్కువ కుంచించుకుంటుంది, కాబట్టి గాజు దాని లోపలే ఉండాలి.

సంతలో నలభై రూపాయలకి మట్టి మూకుళ్లు రెండు కొన్నాను. అడుగున మూడు చిల్లులు, లేకపోతే గాజు కింద గాలి చిక్కి పొట్ట ఉబ్బుతుంది. కింద ఇటుక ముక్కలు పెట్టి పలక మీదనుంచి ఎత్తాను. పూత ఆరాక ఒట్టి మూకుణ్ని ఒకసారి కాల్చాను. మట్టిలో ఇసుక 573 దగ్గర ఒక్కసారి ఉబ్బుతుంది, అక్కడ గబగబా పోతే మూకుడే పగులుతుంది.

685, పదిహేను నిమిషాలు. రంధ్రంలోంచి చూస్తూ కూర్చున్నాను. అద్దం నడుము ముందు చిన్నగా ఒంగి, ఆ తర్వాత తడిగుడ్డలా మెల్లగా మూకుడు గోడకి ఆనుకుంది. నల్ల కళ్లజోడుతో చూశాను. చీకటి.

మార్చి 12

నాలుగో పళ్లెం కాలుతుండగా, చల్లార్పులో 470 దగ్గర కరెంటు పోయింది. ముప్పావుగంట. మూత తీయాలని చెయ్యి పీకింది, తీయలేదు. దుప్పటి పుణ్యమా అని 410 దగ్గరే ఆగింది. కరెంటు వచ్చాక మా కంట్రోలరు మొదటి మెట్టు నుంచి మొదలెట్టింది, మళ్లీ వేడి చేద్దామని! పరుగెత్తి ఆపి, చల్లార్పు మెట్టుకి తెచ్చి పెట్టాను. ఎదురుగా ఉండబట్టి సరిపోయింది. ఆ రాత్రే సెట్టింగుల్లోకెళ్లి, ఆగిన చోటునుంచే కొనసాగేలా మార్చాను. కళ్లజోడులో ఒక మూల చిన్న వెలుగు కనబడింది. 550కి తీసుకెళ్లి మళ్లీ మొత్తం చల్లార్చాను, పోయింది.

అంచులు గ్రానైటు షాపులో దొరికే వజ్రపు ప్యాడ్లతో, గరుకు 60 నంబరు నుంచి నున్నటి 400 దాకా, నీళ్లు పోస్తూనే రుద్దుతున్నాం. పొడిగా రుద్దితే లేచే ధూళి ఇటుక పొడి కన్నా మంచిదేం కాదు.

మార్చి 16

తెల్ల పళ్లేలు నాలుగు, నీలం గిన్నెలు రెండు. ఆరిళ్లు సరిపోయాయి. మావయ్యకి బుడగల ముగ్గు పళ్లెం కావాలట, ఫోనులో ఫొటో చూసి ముందే చెప్పేశాడు. బల్ల మీద ఎండుమిరపకాయలు పోసుకోవడానికట.

ఆకుపచ్చవి మూడూ అలాగే ఉన్నాయి. ఇవి కొంచెం మందం, కట్టరుకి మహా మొండి. ఒక దాన్ని రెండు ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో గూడూరు మైకా (అభ్రకం) రేకు ఒకటి ఉంచాను. పాత మోటార్లలో కమ్యుటేటర్ల పనికి కొన్నది, జిగురు లేని శుద్ధ మైకా, కత్తి మొనతో పొరలు విప్పితే ఉల్లిపొర కన్నా పల్చగా వచ్చింది. వేడికి అది ఇంకా విచ్చుకుని వెండిలా మెరుస్తుందని విన్నాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. మీటరు 212 చూపిస్తోంది. 60కి దిగితే గానీ మూత ముట్టుకోను. కుర్రాడికి తాళం ఇచ్చి, పొద్దున నేనొచ్చేదాకా తియ్యొద్దని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే, "అన్నా, మీరు తియ్యకుండా ఉంటే చాలు" అన్నాడు.